రాబోయే కార్యక్రమాలు

విశ్వవిద్యాలయ వెబ్‌సైటులో కార్యక్రమాల పట్టిక అంటే, ప్రాంగణంలో ఇకముందు జరగబోయే ప్రసంగాలు, సదస్సులు, పుస్తకావిష్కరణలు, నాటకాలు, ఆటలపోటీలు, ప్రవేశాల కౌన్సెలింగ్ వంటివాటిని తేదీల వరుసలో చూపే పేజీ. దాన్ని తెరిచే మనిషికి కావలసినవి నాలుగు సంగతులు: జరిగేది ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, తాను రావచ్చా లేదా. మొదటి మూడింటికీ జవాబు చెప్పి నాలుగోదాన్ని మరిచిపోయే పేజీలే ఎక్కువ. బయటివాళ్లకు మాత్రం ఆ నాలుగోదే ముఖ్యం. ప్రాంగణంలో చదువుకునే విద్యార్థికి ఎవరో ఒకరు చెబుతారు. గేటు బయట ఉన్నవాళ్లకు చెప్పేది ఈ పేజీ ఒక్కటే.

హైదరాబాద్ పాతబస్తీలోని పత్తర్‌గట్టిలో నిలబడి చూస్తే ఈ పేజీ అవసరం బాగా తెలుస్తుంది. 1908 సెప్టెంబరు మూసీ వరద తర్వాత నగరాన్ని చక్కదిద్దడానికి ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు, ఏడో నిజాం కాలంలో కట్టించిన రాతి కమానుల బజారు ఇది. కింద దుకాణాలు, పైన నివాసాలు. మదీనా చౌరస్తా నుంచి చార్మినార్ వైపు నడిస్తే అత్తర్లు, ముత్యాలు, పెళ్లిబట్టలు. ఈ బజారుకు నడక దూరంలోనే చదువుల చోట్లు చాలా ఉన్నాయి. హైకోర్టు పక్కన విన్సెంట్ ఎష్ రూపకల్పన చేసిన సిటీ కాలేజీ భవనం 1921 నాటిది. సాలార్‌జంగ్ మ్యూజియం 1951లో మొదలైన దీవాన్ దేవిడీ ఈ వీధిని ఆనుకునే ఉండేది. చార్మినార్ పక్కన నిజామియా తిబ్బీ కళాశాల ఉంది. మూసీ దాటితే, 1924లో మొదలై 2022లో విశ్వవిద్యాలయమైన మహిళా కళాశాల కోఠీలో, పాత బ్రిటిష్ రెసిడెన్సీ ప్రాంగణంలో ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఇక్కడినుంచి ఏడెనిమిది కిలోమీటర్లు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం నగరం ఆ చివర గచ్చిబౌలిలో ఉన్నాయి.

ఈ సంస్థల్లో జరిగే ప్రసంగాల్లో చాలావాటికి ఎవరైనా రావచ్చు. దక్కన్ చరిత్ర మీదో, యునానీ వైద్యం మీదో, దక్కనీ ఉర్దూ మీదో పండితులు మాట్లాడుతున్నారంటే, ఆ చరిత్ర మధ్యనే బతుకుతున్న బజారు మనుషులకు వినాలని ఉండదా? ఉంటుంది. కానీ గచ్చిబౌలిలో సాయంత్రం సభకు వెళ్లాలంటే దుకాణం కుర్రాడు ఆ రోజు సెలవు అడగాలి. ఎంజీబీఎస్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగి, అక్కడినుంచి మళ్లీ బస్సో ఆటోనో పట్టుకోవాలి. ఇంత ఏర్పాటు చేసుకోవాలంటే సంగతి కనీసం వారం ముందు తెలియాలి, అదీ కచ్చితంగా తెలియాలి. పొద్దున పెట్టిన నోటీసుతో సాయంత్రం జరిగే సభకు వచ్చేది పక్క గదిలోవాళ్లే.

వెబ్‌సైటు రాకముందు ఈ పని నోటీసు బోర్డు చేసేది. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా ఏర్పడిన నాటినుంచి మొన్నమొన్నటి దాకా తీరు ఒక్కటే. రిజిస్ట్రారు కార్యాలయం నుంచి సర్క్యులర్ వస్తుంది, అటెండరు దాన్ని విభాగాలకు తిప్పుతాడు, గుమస్తా ఒక ప్రతిని బోర్డుకు గుచ్చుతాడు. పెద్ద సభ అయితే కరపత్రాలు, గోడపత్రికలు. వాటికోసం నగరం నడిచివచ్చేది పత్తర్‌గట్టి వెనక ఉన్న ఛత్తా బజార్‌కే. ముస్లింల పెళ్లిపిలుపులైన రుక్కాలు, శుభలేఖలు, పోస్టర్లు అచ్చువేసే ఆ సందుల్లో ఒకప్పుడు కాతిబులనే లేఖకులు కలంతో ఉర్దూ నస్తాలీఖ్ లిపి రాస్తే దాన్ని రాతిమీదికి ఎక్కించి అచ్చువేసేవారు. తర్వాత కంప్యూటర్ మీద ఉర్దూకు ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్, తెలుగుకు అను ఫాంట్లు వచ్చాయి. కలం పోయి కీబోర్డు వచ్చింది గాని, తయారయ్యేది మాత్రం కంటికి కనిపించే బొమ్మే.

నేటి వెబ్‌సైట్లలోని పెద్ద లోపానికి మూలం అక్కడే ఉంది. ముందు పోస్టరు తయారవుతుంది, దాని ఫొటో వెబ్‌సైటుకు ఎక్కుతుంది. లేదంటే సంతకం, ముద్ర పడిన లెటర్‌హెడ్ కాగితాన్ని స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పెడతారు. కళ్లున్న మనిషి దాన్ని చదవగలడు. వెతికే యంత్రానికి అందులో అక్షరాలు సరిగా దొరకవు. చూపులేని విద్యార్థి వాడే ఎన్‌వీడీఏ వంటి స్క్రీన్ రీడర్‌కు, అంటే తెరమీది అక్షరాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు, మామూలుగా అక్కడ ఒక బొమ్మ ఉందని మాత్రమే తెలుస్తుంది. తేదీ మారితే పాత బొమ్మ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది. పోనీ అక్షరాలే పెడదామని అను ఫాంటులో కొట్టిన తెలుగును నేరుగా వెబ్ పేజీలో అతికిస్తే అది అర్థంలేని గుర్తుల గుంపుగా మారుతుంది, ఎందుకంటే ఆ ఫాంటు అక్షరాలు అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే యూనికోడ్‌వి కావు. తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో 1991 నుంచే చోటుంది. అయినా ముద్రణ ప్రపంచంలో పాత ఫాంట్లు ఇంకా రాజ్యమేలుతున్నాయి.

కార్యక్రమాన్ని బొమ్మగా కాక సమాచారంగా రాయడం ఎలాగో ఛత్తా బజార్ శుభలేఖే నేర్పుతుంది. శుభలేఖలో ప్రతి సంగతికీ చోటుంటుంది. వధూవరుల పేర్లు ఒకచోట, తిథి, నక్షత్రం, లగ్నం ఒకచోట, ఇంగ్లీషు తేదీ ఇంకోచోట, ముహూర్తం గంటలూ నిమిషాలతో సహా, కల్యాణ వేదిక చిరునామా కింద, విందు విడిగా. ఏది ఎక్కడ వెతకాలో చదివేవాళ్లకు ముందే తెలుసు. కార్యక్రమాల పట్టికలోనూ ఇదే పద్ధతి. శీర్షిక, మాట్లాడేవారు, మొదలయ్యే వేళ, ముగిసే వేళ, గది, భవనం, నిర్వహించే విభాగం, ఏ భాషలో జరుగుతుంది, ప్రవేశం ఎవరికి, ముందుగా పేరు నమోదు చేసుకోవాలా, ఎవరిని అడగాలి అనేవాటిలో దేని గడి దానికి ఉండాలి. ఇవన్నీ ఒకే పేరాలో కలిపి రాస్తే మనిషి ఎలాగో ఏరుకుంటాడు, యంత్రం తప్పుల్లేకుండా ఏరుకోలేదు.

రుక్కాలో ఇంకో పాఠముంది. నిఖా వేళను అందులో తరచు నమాజుతో ముడిపెట్టి, అసర్ తర్వాత అనో, ఇషా తర్వాత అనో రాస్తారు. పత్తర్‌గట్టిలో ఏ దుకాణదారుడికైనా ఆ వేళ ఎంతో తెలుసు. అసర్ వేళ డిసెంబరులో ఒకటి, జూన్‌లో ఒకటి. వేరే ఊరి మనిషికి అది తెలియదు, కంప్యూటర్‌కు అసలే తెలియదు. విశ్వవిద్యాలయ నోటీసుల్లో కనిపించే ‘మధ్యాహ్న భోజనానంతరం’, ‘ప్రారంభ సమావేశం ముగిసిన వెంటనే’ అన్నవీ ఈ కోవలోవే. పక్కన మామూలు మాటల్లో ఏం రాసినా, గడిలో మాత్రం గంటా నిమిషం పడాలి.

ఇలా గడుల్లో నింపిన సమాచారాన్ని ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు అందించడానికి ఒక ఉమ్మడి భాష ఉంది. దాని పేరు ఐక్యాలెండర్. 1998లో ప్రమాణంగా వచ్చింది, 2009లో సవరించారు. ‘నా క్యాలెండరులో చేర్చు’ అన్న మీట నొక్కితే ఫోనుకు దిగే ఐసీఎస్ ఫైలు ఈ భాషలోనే ఉంటుంది. మొదలు, ముగింపు, వేదిక, సారాంశం వరుసగా రాసివుండే మామూలు అక్షరాల ఫైలు అది. అందులో అన్నిటికన్నా విలువైనది పైకి కనిపించని ఒక పంక్తి: ఆ కార్యక్రమానికి ఇచ్చిన ప్రత్యేక గుర్తింపు సంఖ్య. సభను బుధవారం నుంచి శుక్రవారానికి మార్చారనుకుందాం. అదే సంఖ్యతో కొత్త తేదీ వెళితే, ఒకసారి దించుకోవడంతో ఆగక పట్టికకే చందాదారులైనవారి ఫోన్లలో పాత తేదీ తనంతట తానే దిద్దుకుంటుంది. కొత్త సంఖ్యతో వెళితే, పాత ఫైలు దించుకున్నవారికి రెండు సభలున్నట్టు కనిపించవచ్చు, బుధవారం కొందరు వచ్చి ఖాళీ హాలు చూసి వెళతారు. అందుకే పాత నమోదును చెరిపేసి కొత్తది పెట్టే అలవాటు మంచిది కాదు. ఉన్నదాన్నే దిద్దాలి.

సెర్చ్ ఇంజన్లకు అర్థమయ్యే పద్ధతి ఇంకొకటి ఉంది. 2011లో గూగుల్, మైక్రోసాఫ్ట్, యాహూ కలిసి మొదలుపెట్టిన స్కీమా డాట్ ఆర్గ్ పదజాలంలో కార్యక్రమానికి ఒక నమూనా ఇచ్చారు. పేజీ వెనక ఆ నమూనా ప్రకారం వివరాలు రాసిపెడితే, ఎవరైనా వెతికినప్పుడు తేదీ, వేదిక నేరుగా ఫలితాల్లోనే కనిపించే వీలుంటుంది. అందులో కార్యక్రమం స్థితి చెప్పే గడి కూడా ఉంది: అనుకున్నట్టే జరుగుతుంది, వాయిదా పడింది, వేరే తేదీకి మారింది, రద్దయింది. 2020లో కోవిడ్ వచ్చి సభలన్నీ తెరమీదికి వెళ్లినప్పుడు ‘ఆన్‌లైన్‌కు మారింది’ అన్న స్థితినీ చేర్చారు.

ఈ స్థితి గడి హైదరాబాద్‌లో మరీ అవసరం. నిజాం పాలనలో ఈ నగరం హిజ్రీ, ఫస్లీ, ఇంగ్లీషు తేదీల్ని పక్కపక్కన పెట్టుకుని నడిచింది. ఇప్పటికీ రంజాన్, బక్రీద్, మిలాద్ నెలవంక కనిపించడాన్ని బట్టే వస్తాయి. సెలవుల జాబితా ఏడాది ముందే వచ్చినా ఆ తేదీలు ఒకరోజు అటూ ఇటూ జరగవచ్చు. పండుగ మర్నాడు పెట్టుకున్న సదస్సు నెలవంక ఒకరోజు ఆలస్యమైతే పండుగరోజున పడుతుంది. మొహర్రం పదో రోజున డబీర్‌పురా నుంచి బీబీ కా ఆలం ఊరేగింపు కదిలితే పాతబస్తీ దారులు మూసుకుపోతాయి. గణేశ్ నిమజ్జనం నాడు ఊరంతా అంతే. రంజాన్ నెలలో పత్తర్‌గట్టి బజారు తెల్లవారుజాము దాకా మేలుకునే ఉంటుంది. ఇఫ్తార్ వేళకు పెట్టిన సభకు మాత్రం ఇక్కడినుంచి ఎవరూ రాలేరు. ఇవన్నీ ముందే చూపించే నగర క్యాలెండరు పక్కన ఉంటే తేదీ పెట్టేవారికే సగం చిక్కు తప్పుతుంది.

వేదిక పేరు తేలికగా కనిపిస్తుంది కాని, తప్పులు ఎక్కువ దొర్లేది అక్కడే. ఉస్మానియాలో ఠాగూర్ ఆడిటోరియం ఉంది. అదే కవి పేరుమీద సైఫాబాద్‌లో రవీంద్రభారతి ఉంది. కొత్తవాడు ఒకదానికి బదులు ఇంకోదానికి వెళ్లడంలో వింత లేదు. ‘సెమినార్ హాల్’ అని మాత్రమే రాస్తే ఏ విభాగంలోదో నిర్వాహకులకు తెలుసు గాని వచ్చేవారికి తెలియదు. భవనం పేరు, అంతస్తు, ఏ గేటు నుంచి లోపలికి వెళ్లాలి, దగ్గరి బస్టాపు లేదా మెట్రో స్టేషను, మ్యాపు లింకు, ర్యాంపో లిఫ్టో ఉందా అన్నవి ఒక్కసారి వేదికల జాబితాలో రాసి పెట్టుకుంటే చాలు. ఆ తర్వాత ప్రతి కార్యక్రమానికీ జాబితాలోంచి వేదికను ఎంచుకోవడమే, మళ్లీ కొట్టనక్కర్లేదు. హాలు బుకింగ్ రిజిస్టరునూ ఈ జాబితాకే కలిపితే ఒకే గదికి ఒకే వేళ రెండు సభలు పడటమూ ఆగుతుంది.

ఈ నగరంలో భాష సంగతి వేరే చెప్పాలి. 1998లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన ఉర్దూ విశ్వవిద్యాలయం వెబ్‌సైటు ఉర్దూలోనూ చదువుకోవచ్చు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు కలిసిన పట్టికలో ఉర్దూ కుడినుంచి ఎడమకు నడుస్తుంది, అంకెలు మాత్రం ఎడమనుంచి కుడికి. ఉర్దూ మాట పక్కన 05-03-2025 అని అడ్డగీతలతో రాస్తే, తెరమీద ఆ ముక్కలు తారుమారై 2025-03-05 లా కనిపించవచ్చు. 05, 03లలో రోజు ఏదో నెల ఏదో తెలియక చదివేవారు తికమకపడతారు. నెలను అంకెలో కాక పేరుతో రాస్తే ఏ లిపిలోనైనా ఈ చిక్కు ఉండదు. వివరాలన్నీ మూడు భాషల్లోకి తేలేకపోయినా శీర్షిక, తేదీ, వేదిక మూడింటినీ మూడు భాషల్లో ఇవ్వడం సాధ్యమే. ప్రసంగం ఏ భాషలో అన్నది తప్పకుండా రాయాలి. తెలుగు ప్రసంగం అనుకుని వచ్చి ఇంగ్లీషు విని వెళ్లినవాడు రెండోసారి రాడు.

మన కళాశాలల వెబ్‌సైట్లు తెరిస్తే కార్యక్రమాలు బోలెడు కనిపిస్తాయి. అన్నీ జరిగిపోయినవే. జ్యోతి వెలిగిస్తున్న అతిథులు, శాలువాలు, వరుసలో నిలబడ్డ అధ్యాపకులు, ఫొటో మూలన ప్రాంతం, సమయం తెలిపే జియోట్యాగ్. దీనికి కారణముంది. ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను కొలిచేందుకు 1994లో ఏర్పడిన న్యాక్ సంస్థ మదింపుకు వచ్చినప్పుడు ఏయే కార్యక్రమాలు జరిపారో ఆధారాలు చూపాలి, ఏటా నాణ్యతా నివేదిక పంపాలి. ఆధారం చూపడం అవసరమే, అందులో తప్పేమీ లేదు. కాకపోతే సిబ్బంది శ్రమంతా జరిగిపోయినదాన్ని భద్రపరచడానికే చెల్లిపోతోంది. ‘రాబోయేవి’ అన్న పేజీలో మెరిసే ‘న్యూ’ గుర్తు పక్కన ఎప్పటిదో నోటీసు మిగిలిపోతుంది. పరీక్షకుడి కోసం ఫొటో పెట్టే చేయి, శ్రోత కోసం వారం ముందు నాలుగు పంక్తులు రాయదు.

ఈ రెండు పనులూ నిజానికి ఒకటే పని. ముందుగా రాసిన నమోదులోనే, సభ ముగిశాక ఎంతమంది వచ్చారు, ఏం మాట్లాడారు, ఫొటో, రికార్డింగు లింకు చేరిస్తే అదే నివేదిక అవుతుంది. తేదీ దాటగానే అది తనంతట తానే ‘రాబోయేవి’ నుంచి ‘జరిగినవి’లోకి మారుతుంది. చిరునామా మారదు. విభాగాల వారీగా, ఏడాది వారీగా వడబోస్తే న్యాక్‌కు కావలసిన జాబితా క్షణంలో దిగుతుంది. రెండుసార్లు రాయక్కర్లేదని తెలిస్తే ముందుగా రాయడానికి సిబ్బంది ఇష్టపడతారు.

రాసేదెవరు అన్నది సాంకేతికత కంటే కష్టమైన ప్రశ్న. వెబ్‌సైటు చూసుకునే ఒక్క మనిషికే అన్ని విభాగాలూ ఈమెయిల్ పంపితే అతని బల్ల దగ్గరే అన్నీ ఆగిపోతాయి. విభాగం గుమస్తానే ఒక ఫారం నింపాలి, విభాగాధిపతి చూసి ఆమోదించాలి, అది వెంటనే కనిపించాలి. ఆ ఫారం ఫోనులో నింపగలిగేంత చిన్నదిగా ఉండాలి. ఒకసారి నమోదైన కార్యక్రమం విభాగం పేజీలోనూ, విశ్వవిద్యాలయం తొలి పేజీలోనూ, గ్రంథాలయం తెరమీదా అదే నమోదు నుంచి కనిపించాలి. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో ప్రసంగాల జాబితా ఈ పద్ధతిలో నడుస్తుంది. విభాగాలు తమ తమ జాబితాలు పెట్టుకుంటాయి, ఒకే ప్రసంగం ఎన్ని జాబితాల్లోనైనా చేరుతుంది, చదివేవారు తమకు నచ్చిన జాబితాకు చందా కట్టుకుంటారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ప్రాంగణ విశేషాలు రాసే హెరాల్డ్ అనే ఆన్‌లైన్ పత్రిక ఉంది. 90.4 మీద వినిపించే బోల్ హైదరాబాద్ అనే సామాజిక రేడియో కూడా ఉంది. పట్టిక సరిగా ఉన్న చోట ఇలాంటి పత్రికకూ రేడియోకూ రేపటి కార్యక్రమాలు అడగకుండానే అందుతాయి.

చూపించే తీరులో మొదటి నిర్ణయం గడుల క్యాలెండరా, వరుస జాబితానా అన్నది. నెలకు ముప్పయి గడుల క్యాలెండరు గోడమీద బాగుంటుంది. అరచేతి ఫోనులో గడి వేలిగోరంత అవుతుంది, అక్షరాలు పట్టవు. నెలకు నాలుగైదు సభలు జరిగే కళాశాలలో ఆ ఖాళీ గడులు సంస్థ నిద్రపోతున్నట్టు చూపిస్తాయి. అలాంటిచోట దగ్గరి తేదీ ముందుగా వచ్చే జాబితాయే మేలు. వందల కార్యక్రమాలుండే పెద్ద విశ్వవిద్యాలయానికి రెండూ ఉండవచ్చు, వడబోత మాత్రం తప్పదు: ఈ వారం, ఈ విభాగం, ఈ భాష, అందరికీ ప్రవేశం ఉన్నవి. ఆ చివరి వడబోత మీట జాబితా పైనే కనిపించాలి. ఆన్‌లైన్ సభ అయితే భారత కాలమానమని స్పష్టంగా రాయాలి. ఇక్కడ సాయంత్రం 6:30 అంటే డాలస్‌లోని తెలుగువారికి వేసవిలో పొద్దున 8 గంటలు, చలికాలంలో 7. క్యాలెండరు ఫైలులో కాలమండలం నమోదైతే వారి ఫోను ఆ లెక్క తానే చేసుకుంటుంది.

చూపులేనివారికీ, వినికిడి తక్కువైనవారికీ పేజీ అందాలన్నది చట్టం మాట కూడా. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. ప్రభుత్వ వెబ్‌సైట్లకు మార్గదర్శకాలు 2009లో వెలువడి, 2023లో మూడో కూర్పుకు చేరాయి. పాటించడానికి పెద్ద ఖర్చేమీ లేదు. బొమ్మ పెడితే పక్కన అదే సమాచారం అక్షరాల్లో ఉండాలి, రంగు ఒక్కదానితోనే తేడా చూపకూడదు, మౌస్ లేకుండా కీబోర్డుతోనూ జాబితా చదవగలగాలి, తొలి పేజీలో పరుగులు తీసే అక్షరాల పట్టీ తీసేయాలి, లేదా దాన్ని ఆపే వీలుండాలి. ఆగని పట్టీ నెమ్మదిగా చదివేవారికి ఎప్పుడూ అందదు. పేర్లు నమోదు చేసుకున్నవారి ఫోను నంబర్ల జాబితాను బయటి పేజీలో పెట్టకపోవడమూ ఈ జాగ్రత్తల్లో భాగమే.

ఇంత చేసినా పోస్టరు అవసరం పోదు. వెబ్‌సైటు తెరవని మనిషి కమాను కింద టీ తాగుతూ గోడవైపు చూస్తాడు. అందుకని క్రమం తిరగేస్తే చాలు. ముందు పట్టికలో నమోదు, ఆ నమోదు నుంచి ఒక చిరునామా, ఆ చిరునామా నుంచి క్యూఆర్ కోడ్, ఆ కోడ్‌తో ఛత్తా బజార్‌లో పోస్టరు. జపాన్‌లో కారు విడిభాగాల లెక్కకోసం 1994లో పుట్టిన ఈ నలుపు తెలుపు చతురస్రం ఇప్పుడు పత్తర్‌గట్టిలో అత్తరు సీసాల పక్కన డబ్బు చెల్లించడానికి నిలబెట్టే ఉంది, దానికి ఫోను చూపించడం అందరికీ అలవాటే. గోడమీది కాగితాన్ని ఎవరూ దిద్దలేరు. కోడ్ తెరిచే పేజీని దిద్దవచ్చు. హాలు మారితే అక్కడ కొత్త హాలు కనిపిస్తుంది, వాయిదా పడితే కొత్త తేదీ కనిపిస్తుంది. సభ ముగిసిన నెలకు ఎవరైనా ఆ వెలిసిన పోస్టరుకు ఫోను చూపిస్తే, ముగిసిందన్న మాట కింద ఆ ప్రసంగం రికార్డింగు దొరుకుతుంది.